పుప్పొడి రేణువు – దాని కొలతలు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చదివిన ఉపన్యాసము)



కిటికీ చువ్వల నడుమనుండి ఎండ యింటిలో పడినపుడు ఆ వెలుగుబాటలో లెక్కలేని ధూళికణములు తేలియాడుట అందరును చూచినదే. చూచి మరచుటయు అందరును చేయునదే. కాని మనుస్మృతి ఎనిమిదవ అధ్యాయమున, బంగారమును వెండిని తూచు మానములను చెప్పబోవుచు, స్మృతికారుడు ఆ కణమునే మొట్టమొదటి మానముగా గ్రహించెను. దానికి త్రసరేణువని పేరు. ఎనిమిది త్రసరేణువులు ఒక లిక్ష. మూడు లిక్షలు ఒక నల్లావగింజ. మూడు నల్లావలు ఒక తెల్లావగింజ. ఆరు తెల్లావలు నడితరపు యవగింజ యొకటి. మూడు యవలు ఒక గురివింద. గుణించి చూచినచో ఒక్క గురివింద యెత్తునకు 1296 త్రసరేణువులు పట్టును.

ఆ కాలమున ఆ కణమును త్రాసులో పెట్టి తూచిన వారెవరును ఉండరు. అయినను కంటికి కనబడు వస్తువులలో మిక్కిలి చిన్నదానినుండి లెక్క మొదలు కావలెనను బుద్ధి ఆనాడే పుట్టినది. కొలతకు లోబడని వస్తువును గూర్చి ఎవరికి తోచినది వారు చెప్పవచ్చును. కొలతకు లోబడిన పిమ్మట ఒక్కటే మాట నిలుచును. నేటి ఉపన్యాస విషయము ఆ త్రసరేణువు కంటెను ఎన్నో రెట్లు చిన్నదగు పుప్పొడి రేణువును మనుష్యులు ఎట్లు కొలిచిరి, ఆ కొలతవలన ఏమి తెలిసినది, దానివలన మనకేమి మేలు అనునది.

పూలరసము మకరందము, పూలధూళి పరాగము. ఈ రెంటికిని వేరువేరు పేర్లుండవలెనని అమరకోశకారుడు ఎరిగియుండెను. మన కవులు పరాగమును సుగంధముగను, బంగారు పొడిగను, మన్మథుని సేనారేణువుగను వర్ణించిరి. ఆ వర్ణనలలో తుమ్ములును ఆయాసమును కనబడవు. కారణమేమనగా, కవులు మెచ్చిన పూలలో పెక్కింటి పుప్పొడి గాలిలో ఎగురునది కాదు. మందారమును చూడుడు. దాని పుప్పొడి రేణువు పెద్దది, ముండ్లుగలది, జిగటగలది. గుమ్మడిపువ్వులోని రేణువు 150 మైక్రానులకు మించును. కన్ను చురుకైనవారికి అది విడిగింజగా కూడ కనబడును. అట్టి రేణువులు తేనెటీగ కాళ్లకును రెక్కలకును అంటుకొని ప్రయాణము చేయును. గాలిని నమ్ముకొన్న మొక్కల సంగతి వేరు. వరి, జొన్న, గరిక మొదలగు తృణజాతులకు రంగురంగుల రేకులు లేవు, వాసన లేదు, తేనె లేదు. ఈగను పిలువవలసిన పనిలేదు గనుక ఆ ఖర్చును అవి మానివేసి, ఎండిన, నునుపైన, తేలికయగు రేణువులను లెక్కకు మిక్కిలిగా గాలిలో వదలును. ఒక్క మొక్కజొన్న మొక్కయే పదుల లక్షల రేణువులను విడుచును. అందులో కండె పీచు చేరు నవి మిక్కిలి కొద్ది. తక్కినవి ఎక్కడకు పోవుచున్నవి? ఆ ప్రశ్నకు జవాబు రేణువును కొలిచినగాని దొరకదు.

మొదట కొలబద్దను చెప్పుకొనవలెను. మిల్లీమీటరులో వెయ్యవ భాగము మైక్రాను. తలవెండ్రుక మందము సుమారు 70 మైక్రానులు. గడ్డిజాతుల పుప్పొడి రేణువులు సామాన్యముగా 20 మొదలు 40 మైక్రానుల అడ్డుకొలత గలవి. 30 మైక్రానుల రేణువును ఒక మచ్చుగా తీసికొన్నచో, మిల్లీమీటరు పొడవున 33 రేణువులు వరుసగా పట్టును. అది గుండ్రనిదనియు, నీటితో సమానమైన సాంద్రత గలదనియు అనుకొన్న పక్షమున దాని బరువు గ్రాములో ఏడుకోట్లవ వంతు. గురివింద గింజ బరువు సుమారు 0.12 గ్రాము. కాబట్టి గురివిందకు సరితూగుటకు దాదాపు 85 లక్షల పుప్పొడి రేణువులు కావలెను. స్మృతికారుని లెక్కతో పోల్చినచో ఒక్క త్రసరేణువులో సుమారు 6,500 పుప్పొడి రేణువులు ఇముడును. ఇంత అల్పవస్తువు మనుష్యుని మంచము పట్టించగలదనుట ఎవరు నమ్ముదురు? పూర్వము ఐరోపాలో వైద్యులును నమ్మలేదు.

1819లో లండనునందలి వైద్యుడు జాన్ బోస్టాక్ ఒక వ్యాధిని వర్ణించెను. ఏటేట వేసవి రాగానే కన్నులు దురదపెట్టి ఎర్రబారుట, ముక్కు కారుట, ఎడతెగని తుమ్ములు, ఊపిరి బిగబట్టుట – ఇవి దాని లక్షణములు. రోగి మరెవ్వరో కాదు, ఆ వైద్యుడే. ఆయన వేసవి వేడిమియే కారణమని తలచెను. జనులు కొత్తగా కోసిన గడ్డి వాసనయే కారణమని చెప్పుకొని దానికి ఎండుగడ్డి జ్వరమని పేరు పెట్టిరి. నిజమునకు అందులో జ్వరమును లేదు, ఎండుగడ్డి దోషమును లేదు. కొందరు ఎండవెలుగు అనిరి. కొందరు దుమ్ము అనిరి. మరికొందరు అది సుఖజీవుల నరముల బలహీనత అని కొట్టివేసిరి. బాధపడువానికి బాధతోపాటు నిందయు మిగిలెను.

ఈ చిక్కును విప్పినవాడు మాంచెస్టరు నగరవాసి చార్లెస్ హారిసన్ బ్లాక్‌లీ. 1820లో పుట్టిన ఈయన మొదట అచ్చుకూటములో పనిచేసి, నడివయస్సున వైద్యవిద్య నేర్చెను. ఆయనకును ఈ వ్యాధి ఉండెను. 1859 మొదలు ఆయన ఒక్కొక్క కారణమును తీసికొని పరీక్షించెను. వేడిమిని పరీక్షించెను, వెలుగును పరీక్షించెను, ఎండుగడ్డిలోని సువాసన ద్రవ్యమును వేరుగా తీసి పీల్చి చూచెను, మార్గములందలి దుమ్మును చూచెను. వ్యాధి లక్షణములన్నియు పూర్ణముగా కనబడినది గడ్డిపూల పుప్పొడి సోకినపుడే. అంతటితో తృప్తి చెందక, తన చర్మమును రెండు తావుల కొంచెము గీరి, ఒకచోట తడిపిన పుప్పొడిని ఉంచి, రెండవచోట ఏమియు ఉంచక కట్టుకట్టెను. పుప్పొడి యున్నచోట దురదపుట్టి వాచెను, రెండవది ఊరకుండెను. నేడు ఆసుపత్రులలో ఏ వస్తువు ఎవరికి సరిపడదో తెలిసికొనుటకు చేయు చర్మపరీక్షకు మూలము ఇదియే.

అయినను ఒక ఆక్షేపణ మిగిలెను. పచ్చికబయళ్లకు దూరముగా నున్న పట్టణవాసికి ఈ వ్యాధి ఏల వచ్చును? గడ్డిపువ్వు మొక్కకు దగ్గరలో గదా రాలవలెను? దీనికి సమాధానము తర్కముచే దొరకదని బ్లాక్‌లీ గ్రహించెను. గాజుపలకలకు జిగట ద్రవమును పూసి, వానిని ఆరుబయట నుంచి, ఒక దినములో వానిపై పడిన రేణువులను సూక్ష్మదర్శినితో చూచి లెక్కించెను. ఆ లెక్కను ప్రతిదినము వ్రాసి, తన వ్యాధి హెచ్చుతగ్గులతో సరిపోల్చెను. రేణువుల సంఖ్య పెరిగిన దినములలో బాధ పెరిగెను. వాన కురిసి సంఖ్య తగ్గిన దినములలో బాధ తగ్గెను. పిమ్మట గాలిపటములకు ఆ పలకలను కట్టి వెయ్యి అడుగులకు పైగా ఎత్తునకు పంపెను. పిల్లలాటగా తోచు ఆ పని వలన తేలినదేమనగా, నేలకు దగ్గరగా నున్న పలకల కంటె ఎత్తున నున్న పలకలపైననే పుప్పొడి హెచ్చుగా పడినది. పుప్పొడి మొక్కపాదున రాలుటతో సరిపెట్టుకొనక ఆకాశమార్గమున పోవుచున్నదని రూఢి యయ్యెను. 1873లో ఆయన ఈ పరిశోధనలను గ్రంథముగా ప్రకటించెను. చార్లెస్ డార్విన్ పండితుడు దానిని చదివి ఆశ్చర్యమును తెలుపుచు ఆయనకు లేఖ వ్రాసెను.

అదే 1873లో మన దేశమునందును ఇట్టి పని ఒకటి జరిగెను. కలకత్తా నగరమున డి. డి. కన్నింగ్‌హామ్ అను వైద్యుడు అచ్చటి కారాగారములలో జిగట పూసిన పలకలను గాలికి ఎదురుగా నుంచి, వానిపై చిక్కిన పుప్పొడిని, బూజు రేణువులను పరిశీలించి గ్రంథము ప్రకటించెను. కలరా మొదలగు వ్యాధులకు ఆ రేణువులు కారణమా అని ఆయన వెదకెను, సంబంధము కనబడలేదు. కనబడలేదని వ్రాయుటయు శాస్త్రమే. గాలిని నిందించుటకు ముందు గాలిలో ఏమున్నదో చూడవలెనను పద్ధతి ఇట్లు రెండు ఖండములందును ఒక్కమారే స్థిరపడెను.

ఇక రేణువు పరిమాణమును ఎట్లు కొలుతురో చూతము. భూమిని గొలుసుతో కొలుచువారికి ఒక నియమము కలదు. గొలుసు వాడుకలో సాగును గనుక దానిని అప్పుడప్పుడు ప్రమాణపు కొలతతో సరిచూడవలెను. సూక్ష్మదర్శినిలోను అదియే నియమము. కన్నుపెట్టు అద్దములో గీతల కొల యొకటి యుండును. ఆ గీతలకు స్వయముగా విలువ లేదు. వస్తువును ఉంచుచోట మరియొక గాజుపలక నుంచుదురు. దానిపై ఒక మిల్లీమీటరు నూరు సమభాగములుగా గీయబడి యుండును. ఒక్కొక్క భాగము 10 మైక్రానులు. కంటి అద్దములోని 40 గీతలు ఈ పలకలోని 10 భాగములను కప్పినచో, 40 గీతలు 100 మైక్రానులు. ఒక గీత రెండున్నర మైక్రానులు. పిమ్మట పలకను తీసి రేణువు నుంచినపుడు అది 12 గీతలను ఆక్రమించినచో దాని అడ్డుకొలత 30 మైక్రానులు. ఇంతకు మించిన మర్మము లేదు.

కాని జాగ్రత్తలు కలవు. గాలిలో ఎండిన రేణువు ముడుచుకొనును. పుప్పొడి గోడలో పలుచని తావులును గాడులును ఉండును. తేమ పోయినపుడు ఆ తావులు లోపలికి మడిగి, బంతివంటి రేణువు దోనెవంటిది యగును. నీరు తగిలిన మరల ఉబ్బును. గ్లిజరిను పాకములో ఉంచినది ఒక కొలత నిచ్చును. ఎండినది మరియొక కొలత నిచ్చును. కాబట్టి ఏ స్థితిలో కొలిచిరో చెప్పని కొలత సరిహద్దులు వ్రాయని దస్తావేజు వంటిది. మరియు ఒకటి రెండు రేణువులను కొలిచి జాతినంతయు నిర్ణయింపరాదు. బస్తాలోని ధాన్యము ఎట్టిదో పై పిడికిటితో తేలదు గదా! నూరేసి రేణువులను కొలిచి, సగటును, అన్నింటికన్న చిన్నదానిని, అన్నింటికన్న పెద్దదానిని విడివిడిగా వ్రాయుదురు.

పరిమాణము తెలిసిన పిమ్మట బరువు. ఒక్క రేణువును తూచుట కష్టము గనుక, తెలిసిన బరువుగల పుప్పొడిని తెలిసిన కొలతగల ద్రవములో కలిపి, ఆ ద్రవములో ఒక చుక్కనందలి రేణువులను లెక్కించి, భాగహారము చేయుదురు. సాంద్రతకు వేరొక ఉపాయము కలదు: క్రమముగా చిక్కదనము హెచ్చు ద్రవములలో రేణువులను వేసి, ఎందులో మునుగునో, ఎందులో తేలునో చూచుట. ఉప్పునీటిలో గ్రుడ్డును తేల్చి చూచినట్టిదే ఇది.

అన్నింటికంటె ముఖ్యమైనది పతనవేగము, అనగా కదలని గాలిలో రేణువు ఎంత వేగముగా క్రిందికి దిగునను కొలత. రాయి పడినకొలది వేగము పెరుగును. పుప్పొడికి అట్లు కాదు. దాని బరువు క్రిందికి లాగును. గాలియొక్క జిగట దానిని ఆపును. క్షణములో రెండును సరితూగి, అటుపై అది ఒకే వేగముతో దిగును. ఈ సమతూకమునకు సూత్రమును 1851లో కేంబ్రిడ్జి పండితుడు జార్జి గేబ్రియల్ స్టోక్స్ ప్రకటించెను. దాని సారము ఇది: సాంద్రత ఒక్కటే యైనచో, అడ్డుకొలత రెట్టింపైన వేగము నాలుగు రెట్లగును, మూడు రెట్లైన తొమ్మిది రెట్లగును. పొడవాటి గాజుగొట్టముల పైనుండి పుప్పొడిని వదలి, అడుగునకు చేరు కాలమును గణించి, ఈ సూత్రమును సరిచూచిరి. గుండ్రని రేణువులలో సూత్రమును ప్రయోగమును ఇంచుమించుగా ఏకీభవించినవి.

లెక్క వేసి చూడుడు. మన మచ్చురేణువు, అనగా 30 మైక్రానుల గడ్డి పుప్పొడి, సెకనుకు సుమారు 2.7 సెంటీమీటరులు దిగును. మొక్కజొన్న రేణువు అడ్డుకొలత సుమారు 90 మైక్రానులు, అనగా మూడు రెట్లు. దాని వేగము తొమ్మిది రెట్లు, సెకనుకు సుమారు 24 సెంటీమీటరులు. రెంటిని రెండు మీటరుల ఎత్తునుండి వదలినచో మొక్కజొన్న రేణువు 8 సెకనులలో నేల చేరును. గడ్డి రేణువునకు 74 సెకనులు పట్టును. ఆ సమయమున గాలి సెకనుకు రెండు మీటరుల చొప్పున మెల్లగా వీచుచున్నచో మొదటిది 16 మీటరులును, రెండవది దాదాపు 150 మీటరులును పోవును. మొక్కజొన్నచేనిలో అంచునగాని, విడిగాగాని యున్న మొక్కల కండెలు పొల్లు పోవుటకు ఇందులో ఒక కారణము కలదు: బరువైన పుప్పొడి దగ్గరనే పడును గనుక, ఒంటరి మొక్కకు పొరుగువాని సాయము అందదు.

ఇది చదరమైన నేలపై, సమముగా వీచు గాలిలో వేసిన లెక్క. నిజమైన గాలి అట్లుండదు. మధ్యాహ్నపు ఎండలో నేల కాగి, గాలి పైకి లేచును. ఆ లేచు గాలివేగము సెకనుకు మూడు సెంటీమీటరులకు మించినంతనే గడ్డి పుప్పొడి దిగుట మాని ఎక్కనారంభించును. బ్లాక్‌లీ గాలిపటములకు చిక్కిన రేణువులు ఇట్లు ఎక్కినవే. మొక్కజొన్న పుప్పొడిలోను కొద్దిభాగము ఇట్లే లేచి దూరము పోవును గనుక, విత్తనము కొరకు వేయు చేనికిని ఇతర రకముల చేనికిని నడుమ 16 మీటరులు చాలవు. వందల మీటరుల ఎడము విధించిరి. 1937లో స్వీడను దేశపు పండితుడు గున్నార్ ఎర్డ్‌ట్‌మాన్ గోటెన్‌బర్గునుండి న్యూయార్కునకు ఓడలో పోవుచు, గాలిని పీల్చు యంత్రములతో అట్లాంటిక్ మహాసముద్రముపై గాలిని వడగట్టెను. నడిసముద్రమునను పుప్పొడి చిక్కెను. ఆగ్రా కళాశాల ఆచార్యుడు కె. సి. మెహతా, గోధుమపైరును పాడుచేయు కుంకుమతెగులు రేణువులు మైదానపు వేసవి వేడికి చచ్చిపోయి, చల్లని కొండలపై బ్రతికియుండి, ఏటేట గాలితో క్రిందికి దిగివచ్చునని నిరూపించెను. అవి పుప్పొడి కాకున్నను పరిమాణము ఇంచుమించుగా సమానము. గాలి వానిని వేరుగా చూడదు.

ఆకారము సంగతియు చెప్పవలెను. హిమాలయమునందలి దేవదారుజాతి వృక్షములలో చీడ్ అను పైనుచెట్టు కలదు. దాని పుప్పొడి రేణువునకు ఇరుప్రక్కల రెండు గాలితిత్తులుండును. చూచుటకు పెద్దదే, కాని తిత్తులవలన సాంద్రత తగ్గి, తన పరిమాణమునకు తగిన వేగముకంటె మెల్లగా దిగును. అందుచే పరిమాణమును మాత్రమే కొలిచి దూరమును నిర్ణయింపరాదు. పరిమాణము, సాంద్రత, ఆకారము మూడును కలసియే వేగమగును.

బ్లాక్‌లీ పలకలో ఒక లోపముండెను. పలకపై పడిన రేణువులను అది చెప్పునుగాని, ఎంత గాలిలో ఎన్ని రేణువులున్నవో చెప్పదు. పెద్దవి త్వరగా దిగును గనుక ఎక్కువగా పడును; చిన్నవి గాలితోపాటు ప్రక్కగా జారిపోవును. ఈ లోపమును తీర్చినది 1952లో ఇంగ్లండునందలి రోథాంస్టెడ్ పరిశోధనాలయమున జె. ఎం. హర్స్ట్ నిర్మించిన యంత్రము. అది నిమిషమునకు 10 లీటరుల గాలిని సన్నని చీలికగుండా పీల్చును; ఊరక కూర్చున్న మనిషి పీల్చు గాలికి అది కొంచెము హెచ్చు. లోపల జిగటపలక గంటకు రెండు మిల్లీమీటరుల చొప్పున కదలుచుండును. కావున ఏ గంటకు ఎన్ని రేణువులు వచ్చెనో పలకయే జమాఖర్చుగా చూపును. దినమునకు 14,400 లీటరులు, అనగా 14.4 ఘనమీటరుల గాలి దాని గుండా పోవును. పలకపై లెక్కకు వచ్చిన రేణువులను 14.4చే భాగించినచో ఘనమీటరు గాలిలోని సంఖ్య వచ్చును. నేటికిని పెక్కు దేశములలో పుప్పొడి లెక్కలు ఈ పద్ధతిపై కట్టిన యంత్రములతోనే జరుగుచున్నవి.

ఇన్ని కొలతలును ఎందులకు? మనుష్యుని ఊపిరి మార్గము ఒక జల్లెడ వంటిది. 10 మైక్రానులకు మించిన రేణువులు ముక్కులోను గొంతులోను చిక్కును. అందుచే నిండు పుప్పొడి రేణువు తుమ్ములను, జలుబును, కంటిదురదను కలిగించును. ఊపిరితిత్తుల లోపలి గొట్టములకు అది సులభముగా చేరదు. అయిదు మైక్రానులకు లోబడినవి మాత్రమే లోతునకు పోగలవు. ఈ లెక్కప్రకారము పుప్పొడివలన ప్రాణాపాయము మిక్కిలి అరుదుగా నుండవలెను. కాని 2016 నవంబరు 21వ తేదీ సాయంకాలము ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్ను నగరమున ఏమి జరిగెనో వినుడు. ఉరుములతో గాలివాన వచ్చెను. వెంటనే వేలమంది ఊపిరాడక ఆసుపత్రులకు చేరిరి. పదిమంది మరణించిరి. వారిలో అంతకుముందు ఉబ్బసమన్నది ఎరుగనివారును, ఏటేట తుమ్ములతోనే సరిపోయినవారును బాధితులైరి.

కారణము రేణువు కొలతలోనే దొరికెను. ఆ ఋతువున అచ్చట రైగడ్డి పుప్పొడి గాలిలో నిండియుండెను. బ్లాక్‌లీ పరీక్షించినవానిలో ఆ జాతిగడ్డియు ఒకటి. గాలివాన తేమలో రేణువు నీటిని పీల్చి ఉబ్బి పగులును. ఒక్క రైగడ్డి రేణువులో సుమారు 700 పిండికణములుండును. ఒక్కొక్కటి మూడు మైక్రానులకు లోబడినది. వ్యాధిని పుట్టించు పదార్థము ఆ కణములయందును కలదు. ముక్కు జల్లెడకు ఆగిన రేణువు, వందల ముక్కలై జల్లెడను దాటిపోయెను. స్టోక్స్ సూత్రమును దీనికి పట్టించుడు: 30 మైక్రానుల రేణువు మూడు మైక్రానుల కణమైనచో వేగము నూరవ వంతగును. రెండు మీటరుల ఎత్తునుండి దిగుటకు రేణువునకు నిమిషమునకు పైచిలుకు. కణమునకు రెండు గంటలకు పైచిలుకు. అంతసేపును అది మనుష్యులు పీల్చు గాలిలోనే యుండును. పుప్పొడిలో ఇట్టి సూక్ష్మకణములు కలవని 1827లోనే రాబర్ట్ బ్రౌన్ అను వృక్షశాస్త్రజ్ఞుడు చూచెను. రేణువులనుండి వెలువడి నీటిలో ఎడతెగక కదలు ఆ కణముల కదలికకే బ్రౌను చలనమని పేరు. అణువుల ఉనికికి నిదర్శనమైన ఆ కణముల జాతియే రెండువందల యేండ్లు నిండకమునుపే ఒక నగరమున ప్రాణములు తీసినది.

ఈ విషయము మన గ్రామములకు దూరమైనది కాదు. వయ్యారిభామ యనియు కాంగ్రెసు గడ్డి యనియు పిలువబడు మొక్క అమెరికా ఖండమునుండి వచ్చి, 1955లో పూనా ప్రాంతమున గుర్తింపబడి, నేడు చేలగట్లను, బాటల ప్రక్కలను, పాడుదొడ్లను ఆక్రమించియున్నది. దాని తెల్లని చిన్నపూల పుప్పొడి 20 మైక్రానులకు మించదు. అందువలన గాలికి లోకువ. అది సరిపడనివారికి తుమ్ములును ఆయాసమును, మొక్క తగిలినవారికి చర్మమున దద్దురులును పుట్టును. ఆ పుప్పొడి కూరగాయల పూలపై పడి కాయపట్టును తగ్గించునని కూడ పరిశోధకులు గమనించిరి. ఆముదము, సర్కారుతుమ్మ, సరుగుడు, తోటకూరజాతి కలుపుమొక్కలు – వీని పుప్పొడియు గాలిలో తిరుగునదే. వీనిలో పంటలును నీడచెట్లును కలవు. అన్నింటిని నరికివేయుడని ఎవరును చెప్పరు. వయ్యారిభామను మాత్రము పూతకు రాకముందే, వానలకు నేల మెత్తగా నున్నపుడే, చేతులకును ముక్కునకును గుడ్డ కట్టుకొని వేళ్లతో పెరుకుట ఊరందరు కలసి చేయదగిన పని. పూత వచ్చిన తర్వాత పెరుకుట పుప్పొడిని స్వయముగా జల్లుట వంటిది.

ప్రతి యింటను ఏదో ఒక ఋతువున తుమ్ములతో, ఆయాసముతో బాధపడువారుందురు. వారిని చూచి పెద్దలు చల్లని నీరు త్రాగితివనియు, మాట వినవనియు గద్దింతురు; కోడలైనచో పని తప్పించుకొనుటకు సాకు అనుటయు వినబడును. బ్లాక్‌లీ కాలమునందలి నింద అదియే, తావు మారినది. అట్టివారికి మొదట కావలసినది ఒక చిన్న పుస్తకము. ఏ తేదీన బాధ మొదలయ్యెను, ఏ చేను పూతకు వచ్చియుండెను, గాలి ఏ దిక్కునుండి వీచెను, వాన పడెనా, ఏ వేళకు తగ్గెను అని ప్రతిదినము వ్రాసియుంచవలెను. రెండు ఋతువుల లెక్క చేతనుండగా వైద్యుని యొద్దకు పోయినచో ఆయన పని సగము తీరును. చర్మపరీక్షచే తక్కిన సగము తేలును. ఊపిరి పట్టివేసినపుడు మాత్రము పుస్తకముతో పనిలేదు; తక్షణమే ఆసుపత్రికి పోవలెను. గాలివాన ముందర తలుపులు మూసికొని యింటనుండుట ఇట్టివారికి ఖర్చులేని రక్ష.

బ్లాక్‌లీకి ప్రభుత్వ పరిశోధనాలయము లేదు. ఒక సూక్ష్మదర్శిని, గాజుపలకలు, గాలిపటము, దినచర్య పుస్తకము, తప్పక వ్రాయు అలవాటు – ఇవియే ఆయన సామగ్రి. వీనిలో సూక్ష్మదర్శిని తప్ప తక్కినవి పల్లెలోను దొరకును. అది పాఠశాలలో దొరకును. గ్రంథాలయమునకు వచ్చు బాలురును బాలికలును గాజుపలకకు కొంచెము గ్లిజరిను పూసి, దినమంతయు మేడపై నుంచి, సాయంకాలము సూక్ష్మదర్శిని క్రింద చూచి, లెక్కించి, తేదీతో వ్రాసినచో, ఒక సంవత్సరములో ఈ ఊరిగాలికి మొట్టమొదటి జమాబందీ సిద్ధమగును. మరుసటి యేడు ఎవరికి ఆయాసము వచ్చినను ఆ పుటలు తిప్పి చూచుకొనవచ్చును.

ఇరువదియైదేండ్లు పుస్తకములను భద్రపరచిన ఈ గ్రంథాలయపు బీరువాలో అట్టి పుస్తకమొకటి చేరుగాక! గ్రంథాలయము చిరకాలము వర్ధిల్లుగాక!